సెమీ క్రిస్మస్ కేకూ, తరగని అంచనా

ఆ రోజుల్లో కంప్యూటరు తెర మీద ఏ అంకె కనిపించినా దాని వెనక ఎవరో బాగా ఆలోచించే ఉంటారని నా నమ్మకం. డిగ్రీ అయిపోగానే మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీదున్న ఒక కేకుల ఫ్యాక్టరీలో ప్లానింగ్ అసిస్టెంటుగా చేరాను. పేరు గొప్పదే గానీ పని ఒక్కటే: వచ్చే నెల ఏ సరుకు ఎంత అమ్ముడుపోతుందో ముందే ఊహించి, ఆ అంచనాను సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం. తర్వాత దుకాణాల నుంచి అసలు ఆర్డర్లు వస్తుంటే, వచ్చినంత మేరా అంచనా తగ్గిపోయేది. "ఆర్డరు వచ్చి అంచనాని తినేస్తుందమ్మా. తినకపోతే రెండూ కలిపి డబుల్ చేసి కూర్చుంటాం" అని మా మేనేజర్ సారు (గోదావరి వైపు మనిషి, గండిపేటలో ఫ్లాటు, ఏ సంగతైనా తిండి భాషలోనే చెప్పేవారు) మొదటి రోజే వివరించారు. నాకది భలే వింతగా తోచింది. రోజూ మొయినాబాద్ పక్కనే ఉన్న మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగగానే, బన్నుల అంచనాను ఎవరెంత తిన్నారో చూడనిదే టీ కూడా ముట్టేదాన్ని కాదు.

ఇంట్లో చెబితే అవ్వకూ కుతూహలం పుట్టింది. "అంచనాను తినుడేంది బిడ్డా?" అంది. "పది మంది చుట్టాలొస్తరని బియ్యం తీసి పెట్టినవనుకో అవ్వా. నలుగురొచ్చిండ్రు. ఇంక రావాల్సింది ఆరుగురే గద? పద్నాలుగు మందికైతే వండవు గద?" అన్నాను. అవ్వ వెంటనే, "వండుత. చెప్పకుంట వచ్చేటోళ్లు ఉండరా?" అంది. (పాఠం అక్కడితో ఆపేశాను.)

డిసెంబరు దగ్గరపడింది. ప్లమ్ కేకుల అంచనా మొత్తం క్రిస్మస్ వారంలో పెట్టాను. ఆర్డర్లు ధారాళంగా వస్తున్నాయి, అంచనా మాత్రం ఒక్క కేకైనా తగ్గడం లేదు. సాఫ్ట్‌వేర్ రెండూ కలిపి చేయమంటోంది. ఒక మధ్యాహ్నం ఓవెన్ అన్న (ఓవెన్ల దగ్గర పెద్ద, అసలు పేరుతో ఎవరూ పిలవగా వినలేదు) పిండి చేతులతోనే పైకొచ్చాడు. "చెల్లే, గిన్ని కేకులు ఎవరు తింటరు? నువ్వు తింటవా? జర చూడు" అన్నాడు. మిగిలితే జనవరిలో వాటి ముఖం చూసేవాడుండడు. కొత్త ఉద్యోగిని, నా ముఖం కూడా ఎవరూ చూడరేమోనని గుబులు.

ఆర్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. అన్నీ డిసెంబరు మొదట్లోనే సరుకు కావాలన్నవే. అప్పుడు వెలిగింది, అవన్నీ సెమీ క్రిస్మస్ ఆర్డర్లని! పండుగకు ముందే చర్చిల్లో, కాలేజీల్లో చేసుకునే ఆ వేడుక కేకు లేకుండా జరగదు. సాఫ్ట్‌వేర్‌లో ఏమో, ఒక ఆర్డరు తన తారీఖుకు అటూ ఇటూ కొద్ది రోజుల్లో ఉన్న అంచనానే తినాలని ఒక హద్దు పెట్టి ఉంది. క్రిస్మస్ వారం దాకా దానికి చెయ్యి అందడం లేదు.

"హద్దు పెంచుదాం సార్" అన్నాను హుషారుగా. సారు కుర్చీలో వెనక్కి వాలారు. "పెంచొచ్చమ్మా. కానీ సెమీ క్రిస్మస్‌కి కొన్నవాళ్లు అసలు పండక్కి మళ్లీ కొంటారా, కొనరా? కొంటే అది వేరే కేకు, అంచనాని తినకూడదు. కొనకపోతే తినాలి. ఆ సంగతి కంప్యూటరుకేం తెలుస్తుంది?" పుట్టినప్పటి నుంచి చర్చి కేకు తింటున్న నాకూ తెలియలేదు. తినేటప్పుడు ఇలాంటివి ఎవరడుగుతారు?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి ఒక్కరినీ అడిగాను: "అత్తా, క్రిస్మస్‌కు మీ ఇంటికెన్ని కేకులు కావాలె?" ఒకామె రెండంటే, ఆమె భర్త వెనక నుంచి "మూడను" అని గిల్లాడు. నిరుడు కేకు రుచే బాగాలేదని తిట్టిన పెద్దమనిషి నాలుగన్నాడు. సోమవారం పొద్దున గర్వంగా "మళ్ల కొంటరు సార్. ఇంక ఎక్కువనే కొంటరు" అని చెప్పాను. హద్దు పెంచలేదు. ఓవెన్ అన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

పండుగ వారం వచ్చింది. గండిపేట, శంకర్‌పల్లి దుకాణాల ఆర్డర్లు అంచనాను బాగానే తిన్నాయి. మా ఊరి వైపు నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. గోదాములో డబ్బాలు మనిషెత్తు పేరుకున్నాయి. ఇంటికెళ్లి దిగాలుగా కూర్చుంటే అవ్వ ముద్దుగా అడిగింది: "కేకులెప్పుడు తెస్తున్నవ్ బిడ్డా?"

"ఏం కేకులవ్వా?"

"గట్లంటవేందే! ఇంటికెన్ని కావాలె అని ఊరందరినీ అడిగినవ్ గద. కొత్త నౌకరి, మొదటి పండుగ, అందరికి పంచుతవని ఎదురుచూస్తున్నరు. దుకాణంల ఒక్కలు గూడ కొంటలేరు."

నా ప్రశ్నే మా ఊరి గిరాకీనంతా మింగేసిందన్నమాట.

మర్నాడు సారు ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఊళ్లో మాట పోకూడదు కదమ్మా. వాళ్లకి ఇంటికొకటి ఫ్యాక్టరీ తరఫున ఇద్దాం. రెండోది కావాలంటే కొనుక్కోమను" అన్నారు. వ్యాను వెంట ఓవెన్ అన్న తనే బయల్దేరి, ఎవరు తింటే వాళ్ల ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నాలుగడిగిన పెద్దమనిషి ఉచితంగా ఇచ్చిన కేకు అక్కడే తిని, ఇంకోటి కొన్నాడు. చాలామంది కొన్నారు. మిగిలినవి జనవరి దాకా టీలో ముంచుకుని మేమే తిన్నాం.

"ఇంతకీ మీ ఊరివాళ్లు పండక్కి మళ్లీ కొంటారంటావా, కొనరంటావా?" అన్నారు సారు ఒకరోజు, కేకు నములుతూ.

"ఇప్పుడెట్ల తెలుస్తది సార్? మనమే లెక్క ఖరాబు చేసినం గద" అన్నాను.

ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నాను. హద్దు ఎన్ని రోజులుండాలో మీటింగుల్లో వాదించుకుంటాం, పాత అమ్మకాల గ్రాఫులు చూసి తేల్చేస్తాం. ఎవరినీ పోయి అడగం, అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు గనక నేనసలే అడగను. అయినా చర్చి గుమ్మంలో నిలబడి, ఊరు ఊరంతా తన అంచనా కోసమే నిజం చెబుతోందని మురిసిపోయిన ఆ పిల్ల ఎప్పుడైనా గుర్తొస్తే, నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది.