మైనస్ మేడమ్ వేసిన నాలుగు అడుగులు

ఇరవై మూడేళ్ళ వయసులో మనకు వచ్చిన విద్య ఒక్కటే ఉంటుంది, దానితోనే లోకాన్నంతా సరిచేసేద్దామనుకుంటాం. ఆ రోజుల్లో నా దగ్గరున్న విద్య లీనియర్ ఆల్జీబ్రా. ఎమ్మెస్సీ అయి ఆరునెలలు తిరక్కుండానే బెజవాడలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో లెక్కల మేడమ్‌ని అయిపోయాను. నాకూ మా ఫైనలియర్ పిల్లలకూ మూడేళ్ళు తేడా. ఆ మూడేళ్ళూ పైకి కనపడాలని గంజి పెట్టిన కాటన్ చీరలు కట్టేదాన్ని (గంజి మరీ ఎక్కువై, నడుస్తుంటే చీర చప్పుడు చేసేది, నేను వస్తున్నానని పిల్లలకు వరండా ఆ చివరి నుంచే తెలిసిపోయేది).

పటమటలో ఒక మేడమీద గదిలో నాతోపాటు ఉండేది మా కాలేజీ డాన్సు టీచరు. కూచిపూడి పక్క ఊరమ్మాయి. పళ్ళెం, కిటికీ ఊచ, నా వీపు, ఏది అందితే దాని మీద తాళం వేసేది కాబట్టి నేనామెను ‘తాళం’ అనే పిలిచేదాన్ని. నేనేమో పామర్రు దగ్గర ఒక చిన్న చర్చి పాస్టరు గారమ్మాయిని. మా ఇంట్లో పాట ఉంది, హార్మోనియం ఉంది, క్రిస్మస్‌కి గొర్రెల కాపరుల నాటకం కూడా ఉంది. ఆట మాత్రం లేదు. నాన్న వద్దనలేదు, నేను అడగలేదు. ఏడేళ్ళప్పుడు స్కూల్లో డాన్సుకి పేరిచ్చి, ఇంటికొచ్చి అమ్మ మొహం చూసి, మర్నాడు నేనే వెళ్ళి కొట్టేయించుకున్నాను. అందుకని సాయంత్రాలు తాళం సాధన చేస్తుంటే, పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చుని ఆమె పాదాలే చూసేదాన్ని. (ఆ ఏడు క్వార్టర్లీలో మా పిల్లలకు మార్కులు ఎందుకంత ధారాళంగా పడ్డాయో ఇప్పటికైనా చెప్పేశాను.)

కాలేజీ యానివర్సరీకి తాళం ఎనిమిదిమందితో ఒక నృత్యం తయారుచేస్తోంది. నలుగురేసి రెండు వరసలుగా నిలబడ్డ పిల్లలు, ఒక దరువులో బండిచక్రంలా పావు వంతు తిరిగి, ఇద్దరేసి నాలుగు వరసలు కావాలి. “ఎన్నిసార్లు చెప్పినా గుద్దుకుంటున్నారే” అని ఒక సాయంత్రం విసుగ్గా మంచం మీద కూలబడింది. నాకు అంతకన్నా ఏం కావాలి? గళ్ళ దుప్పటి మీద ఎనిమిది చింతపిక్కలు పేర్చాను.

“మధ్యలో ఇది సున్నా అనుకో. కుడికి ఒక గడి దూరంలో ఉన్న పిక్క ఎక్కడికెళ్ళాలి?”

“ముందుకి.”

“ముందుకి ఒక గడి దూరంలో ఉన్నది?”

“ఎడమకి.”

“అయిపోయింది. ఇంక నువ్వేం చెప్పక్కర్లేదు. ఎనిమిదిమందీ ఎక్కడెక్కడికెళ్తారో నేను చెప్తా.”

“చాల్లే, కోతలు!”

కోతలు కావని నిరూపించాను. కుడికి మూడు గళ్ళు, ముందుకి ఒక గడి దూరంలో ఉన్న పిల్ల తిరిగాక ముందుకి మూడు, ఎడమకి ఒకటి అవుతుంది. ఎవరైనా సరే ఇన్ని కుడి గళ్ళూ ఇన్ని ముందు గళ్ళూ కలిస్తే వచ్చినవాళ్ళే కదా. ఆ రెండూ ఎక్కడికి పోతాయో తెలిస్తే చాలు, అందరి సంగతీ తెలిసినట్టే. ఆ రెండు జవాబుల్నీ రెండు నిలువు వరసలుగా పక్కపక్కన రాసి, చుట్టూ బ్రాకెట్టు గీసి, “ఇదే నీ నాట్యం మాత్రిక, మాట్రిక్స్” అన్నాను. నాలుగే అంకెలు: రెండు సున్నాలు, ఒక ఒకటి, ఒక మైనస్ ఒకటి. తాళం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నా ఆటంతా ఇందులో ఉందా?”

“తిరగడం ఉంది.”

“మరి చూపు? చెయ్యి?”

“అవి లేవు.”

“అమ్మయ్య” అంది.

ఎనిమిదిమందిలో నలుగురు నా లెక్కల సెక్షను, నలుగురు కామర్సు. ఖాళీ గంటలు కలవలేదు. అందుకని నా నలుగురికి నేను క్లాసులో బోర్డు మీద గీసి నేర్పాను, ఆమె నలుగురికి ఆమె హాల్లో నిలబెట్టి నేర్పింది. ఆఫీసు వైపు నుంచి నా వాళ్ళు, సైకిల్ స్టాండు వైపు నుంచి ఆమె వాళ్ళు స్టేజీ మీదికి రావాలి. దరువు మారగానే కుడి సగం ముందుకి, ఎడమ సగం వెనక్కి. అందరూ కలిసి ఒక్కసారి ఆడి చూసుకుందామంటే, స్టేజీ కట్టడానికి దిగిన షామియానా వాళ్ళు ఆఖరి రోజు దాకా హాలు వదల్లేదు.

యానివర్సరీ నాడు, పిలవకుండానే, నాన్న వచ్చారు. స్కూటరుకి ఏదో పార్టు కోసం ఆటోనగర్ వచ్చి, పనిలో పనిగా కూతురి కాలేజీ చూద్దామని. కాగితంలో చుట్టిన ఆ పార్టు ఒళ్ళో పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నారు. నేను స్టేజీ పక్కన, తాళాలు పట్టుకుని మైకు ముందు కూర్చున్న తాళం వెనక నిలబడ్డాను.

దరువు మారింది. నా నలుగురూ చక్కగా ముందుకి వచ్చారు. ఆమె నలుగురూ అంతే చక్కగా ముందుకే వచ్చారు. నాలుగు చోట్ల ఇద్దరిద్దరు చొప్పున అంటుకుపోయి, ప్రిన్సిపాల్ గారి ఒళ్ళో పడేంత అంచున నిలబడ్డారు. వెనక సగం స్టేజీ ఖాళీ. బోర్డులో కుడి అంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కుడి. స్టేజీ మీద కుడి అంటే ఆడేవాళ్ళ కుడిచెయ్యి. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కుడి సగం తామేననుకున్నారు. తిరగడం ఒకటే అయినా, ఎవరి కుడిఎడమలతో చూస్తున్నామో దాన్నిబట్టి మాత్రిక మారిపోతుందని ఆ వారమే క్లాసులో గంటసేపు ఉపన్యసించింది ఎవరో కాదు, నేనే.

తప్పు తెలిసిన క్షణంలో దిద్దుబాటు కూడా తెలిసిపోయింది: నా పిల్లలు ఉన్నచోటికి సరిగ్గా మైనస్సులో, అంటే ఎదురు మూలకి పోవాలి. “మైనస్! మైనస్!” అని అరిచాను. నా ముందు మైకు ఉందన్న సంగతి మర్చిపోయాను. అది హాలంతా మోగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. (ఒక్క ప్రిన్సిపాల్ గారు కరెంటు వైరు అనుకుని కాళ్ళు పైకి పెట్టుకున్నారు.) తాళం చేతిలో తాళాలు ఆగలేదు, తల మాత్రం తిప్పి, “వెళ్ళవే!” అంది.

వెళ్ళాను. చెప్పులు ఎప్పుడు విడిచానో తెలియదు. నా పిల్లల్ని భుజాలు పట్టి తిప్పి వెనక్కి నడిపించబోయాను, కానీ అక్కడ దరువు ఉంది. ఆరునెలలుగా పేపర్ల చాటు నుంచి చూసిన అడుగులు నా పాదాల్లో ఎక్కడ దాక్కున్నాయో మరి, నడక రాలేదు, ఆట వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గంజి చీర పటపటమంటుండగా, నలుగురు పిల్లలూ నా వెంట వాళ్ళ చోట్లకు చేరారు. నాలుగో అడుగుకి తలెత్తితే మూడో వరసలో నాన్న. అంతే, అటువైపు తెర చాటుకి పారిపోయాను.

తర్వాత ప్రిన్సిపాల్ గారు, “మేడమ్, కార్డులో మీ పేరు వెయ్యలేదే?” అన్నారు. పిల్లలు ఆ సాయంత్రం నుంచే మైనస్ మేడమ్ అన్నారు. ఆ మాటలేవీ నా చెవికెక్కలేదు. నాన్నని బస్టాండుకి తీసుకెళ్ళాను. బస్సెక్కి, కిటికీలోంచి అన్నారు:

“తప్పింది వాళ్ళ అడుగులమ్మా. నీ అడుగు తప్పలేదు.”

“నాన్నా, అమ్మకి...”

“నేను చెప్తాలే. ఇదెప్పుడు నేర్చుకున్నావు?”

“నేర్చుకోలేదండీ.”

ఆయన పార్టుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. “అడగాల్సింది” అన్నారు. బస్సు కదిలింది. అడిగితే ఏమనేవారో నాకిప్పటికీ తెలియదు. అడగడానికి ఆయన లేరు.

గదికి వెళ్ళేసరికి తాళం నవ్వి నవ్వి అలిసిపోయి ఉంది. “ఎండాకాలం సెలవల్లో మొదలెడదామే, నీకు నేను నేర్పుతా. కాళ్ళు వచ్చేశాయి, ఇంక చూపూ చెయ్యే” అంది. సరేనన్నాను. ఏప్రిల్లో ఆమెకు శ్రీకాకుళం వైపు ఒక స్కూల్లో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. రిక్షాలో పెట్టె ఎక్కిస్తూ కూడా, “దసరాకి వస్తాగా” అంది. రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది నేను రాయాలి. రేపు రాద్దాం, రేపు రాద్దామనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపేశాను.

పోయిన నెల పటమటలో ఒక మేడమీద నుంచి దరువు వినిపించి, మెట్లెక్కాను. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళ అమ్మాయి కూర్చునుంది. గౌరవంగా లేచి, రిజిస్టరు తెరిచి, “రండి మేడమ్. పాప వయసెంతండీ?” అంది.

“నలభై నాలుగు” అన్నాను.

పెన్ను ఆగింది. ఆ అమ్మాయి నా మొహం చూసింది, నవ్వలేదు. నలభై నాలుగు వేసింది. “సోమ, గురువారాలండీ, అయిదింటికి. చీరతో కష్టం, చుడీదార్‌లో రండి.”

నాలుగు గురువారాలు గడిచాయి. ఇంకా వెళ్ళలేదు. చుడీదార్ మాత్రం కుట్టించాను. టైలరు అమ్మాయి కొలతలు తీసుకుంటూ ఎందుకండీ ఇంత వదులు అంటే, కూర్చుని లేవాలమ్మా అన్నాను.