నేను తినేసిన రాజీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏ దేశం గురించైనా ఫోనులో రెండు వీడియోలు చూస్తే చాలు, అక్కడి సంస్కృతి అంతా బుర్రలోకి దిగిపోయిందనుకునేవాణ్ణి. సౌదీలోని రాబిగ్‌లో ఉద్యోగం, పాతికేళ్ళ వయసు. గదిలో నలుగురం గోదావరి వాళ్ళం, ఐదోవాడు బర్మా నుంచి వచ్చిన ‘కో’. (వాళ్ళ భాషలో కో అంటే అన్న.) మా మధ్య మూడేళ్ళుండి తెలుగు దంచేసేవాడు. "సెలవులకి మా ఊరు రారా, మా అమ్మ వంట తిందువుగాని" అన్నాడు. సెలవుకెళ్ళి తిరిగి రావడానికిచ్చే రీఎంట్రీ వీసా చేతిలో పడగానే వాడి వెంట ఎగిరిపోయాను.

ఊరు ఎంత ప్రశాంతమంటే, సైకిలు బెల్లు మోగితే అదెవరిదో అందరికీ తెలిసిపోతుంది. అంత ప్రశాంతతలోనూ ఒక గొడవ ఉంది. కో వాళ్ళమ్మకీ, పక్కింటి పెదనాన్నకీ గోడ విషయంలో ఆరేళ్ళుగా మాటల్లేవు. కో పెళ్ళి కుదిరింది. తండ్రి లేని పెళ్ళికి పెదనాన్నే పెద్ద, ఆయన రాకపోతే పెళ్ళి ఆపేస్తానని ఆవిడ పట్టు. చివరికి, నేనక్కడున్నప్పుడే, ఒక మధ్యాహ్నం రాజీకి వస్తానని పెదనాన్న కబురంపాడు. అక్కడి పాతకాలపు ఆనవాయితీ ప్రకారం, తగువు పడ్డవాళ్ళు ఒకే పళ్ళెంలో లపెట్, అంటే ఊరబెట్టిన తేయాకు, తింటే తగువు తీరినట్టు. (నా రెండు వీడియోల్లోనూ ఇది లేదు.)

నాకు అన్నం వడ్డించి ఆవిడ పువ్వులకోసం వెళ్ళింది, కో పెదనాన్నను తీసుకురావడానికి వెళ్ళాడు. పక్కనే మూతపెట్టిన గళ్ళ పళ్ళెం. తీసి చూస్తే చుట్టూ వేపిన పప్పులు, వెల్లుల్లి, నువ్వులు, మధ్యలో నూనె తేలుతున్న ఆకు. ఇంకేముంది, గోంగూరే! వేడన్నంలో కలిపి లాగించాను. కాస్త చేదు తగిలింది గానీ, పెట్టింది వదిలేస్తే ఇంటావిడ నొచ్చుకుంటుందని పళ్ళెం నున్నగా ఊడ్చేశాను.

కో, పెదనాన్న వచ్చారు. "ఖలాస్? మొత్తం తినేశావురా?" అని కో నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. వెనకే వచ్చిన వాళ్ళమ్మ ఖాళీ పళ్ళెం చూసి మొహం వేలాడేసింది. పెదనాన్న వెనుదిరిగాడు. అది గోంగూర కాదు, రాజీ కోసం పెట్టిన లపెట్ అని కో చెప్పగానే సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చెయ్యాలో తోచక, చెవులు పట్టుకుని ఆయన ఎదుట గుంజీలు మొదలుపెట్టాను. (తేయాకు ప్రభావమేమో, ఇరవై దాటినా ఆగలేదు.) ఆయన బిత్తరపోయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

అప్పుడు ఆవిడ నోరు విప్పింది. కో నా చెవిలో తెలుగులో చెప్పాడు: "బావగారూ, మీ ఇంట్లో లపెట్ ఉందా, అంటోందిరా."

ఆరేళ్ళ తర్వాత మొదటి మాట. ఆయన "ఉంది. నీ దానికంటే బాగా ఊరింది" అన్నాడు. వెళ్ళి తెచ్చాడు. ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ తిన్నారు. నన్ను మాత్రం పళ్ళెం చేతికందనంత దూరంలో కూచోబెట్టారు.

ఇప్పుడు నలభై దగ్గర పడ్డాను. తెలియనిది కనిపిస్తే ఇదేమిటని అడిగి, ఎంత తినాలో కనుక్కుని, మర్యాదగా తింటున్నాను. అలా తిన్న ఏ ఇంట్లోనూ ఇంతవరకు ఒక్క తగువూ తీరలేదు.