మా కుమారి వదిన హోటల్ భోజనం

కుమారి వదిన ఇక లేదు.

నిన్న పొద్దున్న పెనం మీద అట్టు వేస్తుంటే అన్నయ్య ఫోన్. "సత్యా, మీ వదిన్ని లారీ గుద్దేసిందే" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ కట్ కూడా చేయలేదు. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

స్కూటీ మీద మార్కెట్‌కి వెళ్ళిన మనిషి. కూరగాయల సంచితో తిరిగి రావాల్సిన మనిషి.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఫరంపేట నుంచి మెట్టకూరులో అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం నిండా జనం. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అన్నం మానేసిందంట కదమ్మా, ఒంట్లో సత్తువేటుంటాది" అంది.

గుద్దింది లారీ. దాని ముందు అన్నం తిన్నవాళ్ళూ ఒకటే, తిననివాళ్ళూ ఒకటే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. షుగర్ వచ్చేలా ఉందని తెలిశాక వదిన పేలియో డైట్ మొదలుపెట్టింది. అన్నం, చపాతీ, పప్పు, పెరుగు, పంచదార, అన్నీ బంద్. చేప, మాంసం, గుడ్లు, కూరగాయలు మాత్రమే, అవీ కొబ్బరినూనెలో వండినవే.

ఇంట్లో అయితే ఎవరైనా చేస్తారు. వదిన హోటళ్ళలో కూడా చేసింది. ఆదివారం అన్నయ్యతో బయట భోజనం మాత్రం మానలేదు. చాలాసార్లు మేమిద్దరం కూడా వాళ్ళతో వెళ్ళేవాళ్ళం.

మన హోటళ్ళ సంగతి తెలుసు కదా. అన్నం వద్దంటే ఇంట్లో గొడవపడి అలిగి వచ్చారేమో అనుకుంటారు. రొయ్యల వేపుడులో పిండి వెయ్యొద్దని చెప్తే సర్వరు, "ఆయ్, పిండేం ఉండదండి, ఉత్తి కార్న్‌ఫ్లోరేనండి" అనేవాడు. పులుసులో బెల్లం వద్దంటే వంటాయనకి కోపం.

"బెల్లం ముక్క పడాపోతే అది పులుసెలా అవుద్దండి?"

అప్పుడు అన్నయ్య లేచేవాడు.

స్కూటీ డిక్కీలోంచి కొబ్బరినూనె సీసా తీసుకుని నేరుగా వంటగదిలోకి. ఆ వేడిలో పొయ్యి పక్కనే నిలబడి, వంటాయన్ని బతిమాలి, బుజ్జగించి, చొక్కా తడిసిపోయాక ప్లేటు తనే మోసుకొచ్చేవాడు. వదిన ఏసీ కింద కూర్చుని ఫోన్ చూసుకునేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టను.

ఎందుకంటే నా ఎదురుగా మా ఆయన కూర్చునేవారు. హోటల్లో మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే మనిషి.

ఒకసారి మా పెళ్ళిరోజుకి నలుగురం గోదావరి గట్టు దగ్గర హోటల్‌కి వెళ్ళాం. నా కూర కారం. మామూలు కారం కాదు, కళ్ళ వెంట నీళ్ళు. చెప్పాను. ఆయన ప్లేటులోంచి తలెత్తకుండా, "పెరుగేసుకో" అన్నారు.

అన్నయ్య ఆ టైమ్‌లో వంటగదిలో ఉన్నాడు. ఎవరి కోసమో చెప్పక్కర్లేదు.

వదిన అంతా చూసింది. నవ్వు ఆపుకుంటూ నా వైపు వంగి, "కుళ్ళుకోకే సత్యా, మొహం మీదే తెలిసిపోతంది" అంది. ఆ తర్వాత సర్వర్ని పిలిచి నా ప్లేటు మార్పించింది. నాకు ఇంకా మండింది.

నేను కూడా పేలియో మొదలుపెడతానన్నాను. బరువు తగ్గడానికి కాదు. మా ఆయన కనీసం వంటగది గుమ్మం దాకా వెళ్తారేమో చూద్దామని.

"అయితే ఇక ఇంట్లోనే తిందాం" అన్నారు. ఆ పూటతోనే నా డైట్ అయిపోయింది. ఇది విని వదిన కడుపు పట్టుకుని నవ్వింది.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాయి. స్నానాలు చేసి కూర్చున్నాం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, వాళ్ళు ఎప్పుడూ వెళ్ళే హోటల్‌కి ఫోన్ చేసే పని మా ఆయన మీద పడింది.

"మెట్టకూరు మూర్తిగారింటికి ఇరవై భోజనాలు, నీచు వద్దు" అని అన్నయ్య పేరు మీద చెప్పి పెట్టేశారు. ఎందుకో చెప్పలేదు.

హోటల్ మనిషి ఆటోలోంచి క్యారేజీలు దింపించి, ఒక చిన్న డబ్బా మాత్రం విడిగా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మేడంగారిది వేరేగా కట్టామండి. కొబ్బరినూనేనండి" అన్నాడు.

అప్పుడు మా మొహాలు చూశాడు.

మా ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నేను లేచి ఆ డబ్బా లోపల పెట్టేయబోయాను. అన్నయ్య చెయ్యి చాపాడు.

"ఇలా ఇయ్యవే."

మూత తీశాడు. దొండకాయ వేపుడు, బీరకాయ కూర. తినడం మొదలుపెట్టాడు. మా పిన్ని కంచంలో అన్నం తెచ్చి పక్కన పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీంట్లోకి అన్నం తినకూడదు పిన్నీ" అన్నాడు.

అన్నం లేకుండా ఒక్క పూట ఉండలేని మనిషి. ఆ డబ్బా మొత్తం ఉత్త కూరే తిన్నాడు, ముక్క మిగల్చకుండా.

నేను పక్కనే కూర్చుని ఏడ్చాను వదినా. నీ కోసమే ఏడ్చాను. కానీ అప్పుడు కూడా కుళ్ళొచ్చింది. నేను పోతే నా డబ్బా ఎవరు తింటారు?

వెళ్ళిరా వదినా. ఎక్కడున్నా హాయిగా, ప్రశాంతంగా ఉండు. నీ మీద నా కుళ్ళు మాత్రం తగ్గదు.