జూరాకాన్ పిండి పొంగిపోతోంది

మా జూరాకాన్ ఏ పనినీ పూర్తి చేసేది కాదు. చేతకాక కాదు, అది ఆమె పట్టుదల. ఆ పట్టుదల మీదే వర్తకుడు ముకాష్‌తో పోట్లాడి గెలవడం నేను కళ్లారా చూశాను.

ముకాష్ పట్నం నుంచి మా కొండ ఊళ్లకు షిర్దాకులు కొనడానికి వచ్చేవాడు. ఉన్నిని వేడినీళ్లతో తడిపి, రెల్లుచాపలో చుట్టి, ఆడవాళ్లందరం కలిసి దొర్లించి దళసరి చేసి, పొట్టేలు కొమ్ముల్లాంటి మెలికలు కత్తిరించి కుట్టే తివాచీలవి. జూరాకాన్ ఇచ్చినదాన్ని అతను వాకిట్లో పరిచాడు. ఒక మూల కొమ్ము సగంలో ఆగిపోయి ఉంది. దారం చివర సూది వేలాడుతోంది.

"ఇదేంటి పెద్దమ్మా, పూర్తి చేసి ఇవ్వవా?" అన్నాడు.

"నీకు పెళ్లయిందా నాయనా?"

"అయింది."

"నీ పెళ్లాం నీతో అనాల్సిన మాటలన్నీ అనేసిందా?"

"ఎక్కడ, రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి."

"అన్నీ అనేసిన మర్నాడు ఇక నీ మొహం చూసే పనేముంది ఆమెకి? ఈ మూల కూడా అలాంటిదే. పట్టుకెళ్లి ఆమెకివ్వు."

ముకాష్ అరిచాడు, బతిమాలాడు, జీపెక్కి మళ్లీ దిగాడు. చివరికి తివాచీని సూదితో సహా మోసుకుపోయాడు. మరుసటేడు వచ్చి, ఆ మూల కుట్టిన తన భార్య చెయ్యి ఊరుకోక సొంతంగా ఇంకోటి మొదలెట్టిందనీ, అప్పటినుంచీ తనకు వేడి సూపు దక్కడం లేదనీ గొణిగాడు. గొణుగుతూనే ఆమె పంపిన తేయాకు పొట్లం జూరాకాన్ చేతిలో పెట్టాడు.

గోడకు సున్నం వేస్తే కిటికీ దాకా వేసి ఆపేది. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ఆ గోడ చూసి, పాపం సున్నం కూడా కొనుక్కోలేని ఇల్లనుకున్నారు. పిల్లలకు కథ చెబితే తోడేలు గుడారం గుమ్మంలో ముక్కు పెట్టే చోట ఆపేసి లేచేది. తెల్లారకముందే పిల్లలంతా ఆమె వాకిట్లో ఉండేవారు. ఎందుకిలా అని అడిగితే, "అన్నీ ముగించుకుని పడుకుంటే పొద్దున్నే ఎవరి కోసం లేస్తాం?" అనేది.

లేచిపోవడానికి ఆమె దగ్గర ఒకే మాట. "పిండి పులియబెట్టి వచ్చాను, పొంగిపోతుంది." మా దగ్గర రొట్టె పేరు చెబితే ఎవరూ కొంగు పట్టి ఆపరు. పెళ్లిపాట సగంలో ఉన్నా, చావింటి భోజనం సగంలో ఉన్నా, ఆమె పిండి పొంగేది.

ఆ మనిషికి ఒకే ఒక కోరిక ఉండేది. కూతుళ్లకూ కోడళ్లకూ పరాయివాళ్లకూ కుట్టీ కుట్టీ, తన కింద పరుచుకోవడానికి తనదంటూ ఒక్క షిర్దాక్ లేదు. అది కుట్టుకుని దాని మీద కూర్చుని టీ తాగాలని. మేమంతా నవ్వేవాళ్లం. పూర్తిచేయడం చేతకాని మనిషికి కోరిక పూర్తవుతుందా అని.

మా ఆయన కాలమత్ పోయిన చలికాలం నేను పడక దిగలేదు. ఏడవలేదు కూడా. ఏడవాలన్నా లేచి కూర్చోవాలి గదా. అప్పుడొచ్చింది జూరాకాన్, చంకలో ఉన్నిచుట్ట పెట్టుకుని. ఎరుపూ నలుపూ రెండు దళసరి ఉన్నిగుడ్డలు ఒకదాని మీద ఒకటి వేసి ఒకే కత్తితో కోస్తాం మేం. ఎర్రదాని కొమ్ము నల్లదాని ఖాళీలో కూర్చుంటుంది, నల్లదానిది ఎర్రదానిలో. అందుకే షిర్దాకులు కవలలుగానే పుడతాయి. తన కోసం కోసుకున్న జంటలో ఒకదాన్ని నా కాళ్ల దగ్గర పరిచి, నన్ను పలకరించనైనా పలకరించకుండా కుట్టడం మొదలుపెట్టింది. కొమ్ము సగం కాగానే లేచింది.

"పిండి పులియబెట్టి వచ్చాను," అని వెళ్లిపోయింది.

ఆ సగం కొమ్ము నన్నే చూస్తూ ఉండిపోయింది. పైగా కుట్టు కాకి నడిచినట్టు వంకర. ఊరందరికీ తిన్నగా కుట్టే మనిషికి నా ఇంట్లో చెయ్యి ఎందుకు తిరగలేదో అర్థం కాలేదు. నా కుట్టు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్లంతా పోయారు కాబట్టి చెబుతున్నాను, మా లోయలో దానికి సాటి లేదు. తెల్లారుతూనే లేచి ఆమె కుట్లన్నీ విప్పి నేను కుట్టాను.

సాయంత్రం వచ్చి నన్నే తిట్టింది. "నా కోసం దాచుకున్న పని నువ్వెందుకు తినేశావు?" అని. తిట్టి, ఇంకో కొమ్ము సగం వంకరగా కుట్టి, పిండి పొంగుతోందని పోయింది. రోజూ ఇదే. మంచు కరిగేసరికి షిర్దాక్ పూర్తయింది. దాన్ని ఆరేయడానికి మొదటిసారి వాకిట్లోకి వచ్చాను. "నువ్వే కుట్టావు గదా, నీ దగ్గరే ఉంచుకో," అంది జూరాకాన్. దాని కవల మాత్రం వాళ్లింట్లో చుట్టలోనే ఉండిపోయింది.

ఏళ్లు గడిచి జూరాకాన్ కళ్లు మసకబారాయి. పోనీ ఆ రెండోదాన్ని నేనే కుట్టి ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. కోడలు బూరుల్ పిండి పిసుకుతోంది. మీ అత్త చేతిలో ఎంత పిండి పొంగి పొర్లిందో అన్నాను నవ్వుతూ.

"అత్తయ్యా? నేనీ ఇంటికి వచ్చింది మొదలు ఆవిడ పిండి ముట్టుకోగా చూడలేదు పిన్నీ," అంది బూరుల్.

నేను జూరాకాన్ వైపు తిరిగాను. ఆమె ఒళ్లోనే ఉన్న టీ గిన్నె కోసం చాలా శ్రద్ధగా వెతుకుతోంది.

"సరే బాత్మా, ఆ చుట్ట తీసుకో," అంది నాతో. "పైవీధి ఐదానా మొగుణ్ని వదిలి వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ తెర తియ్యడం లేదట. ఆ పిల్ల ముందు పరిచి కుట్టు. వంకరగా కుట్టు."

"వంకరగానా? నేనా?"

"తిన్నగా కుడితే చూసి మెచ్చుకుని పడుకుంటుంది. వంకరగా ఉంటే ఒళ్లు మండి లేస్తుంది. నువ్వు లేవలేదూ?"

నేను వెళ్లి ఆ చుట్ట చంకలో పెట్టుకున్నాను.

"మరి నీకంటూ ఒకటి కావాలన్నావు?" అన్నాను.

"ఐదానా లేచి కుట్టి తెచ్చిన రోజున దాని మీద కూర్చుని టీ తాగుతాను. నాకేం తొందర? సగం కొమ్ములో ఆపి వచ్చెయ్."

"ఏం చెప్పి లేచి రమ్మంటావు?"

"పిండి పులియబెట్టి వచ్చానని చెప్పు."