టీ-షర్టుల ఆఫీసులో వెయిస్ట్‌కోటు వేసుకున్న మా సుందరన్న

నిన్న పొద్దున ఆఫీసుకు రెడీ అవుతుంటే మా కేజీఎఫ్‌లోనే ఉన్న కోరమండల్ పేట నుంచి ఫోన్. "సుందరన్న మనల్ని ఇడిసి పోయినాడప్పా" అన్నాడు వాళ్ల తమ్ముడు.

నమ్మలేదు. ఫోన్ పెట్టేసి మళ్లీ నేనే చేశాను.

మొన్న సాయంత్రం ట్రైన్‌లో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. కొత్త వెయిస్ట్‌కోటుకు బూడిద రంగు గుడ్డ బాగుంటుందా, ముదురు ఆకుపచ్చ బాగుంటుందా అని బంగారపేట దాకా నా బుర్ర తిన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. సుందరన్న మా టీంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. ఇద్దరం కేజీఎఫ్ వాళ్లమే. రోజూ ఒకే ట్రైన్‌లో బెంగళూరుకు వెళ్లి వచ్చేవాళ్లం.

ఆఫీసులో మేమంతా టీ-షర్టు, జీన్స్.

అన్న మాత్రం పాతకాలం దొర. నడుము పైదాకా ఎక్కే ప్లీట్ల ప్యాంటు, సస్పెండర్లు, వెయిస్ట్‌కోటు, మెరిసే నల్ల బూట్లు. ఎండాకాలంలో కూడా అంతే! అన్నీ ఆండర్సన్‌పేటలో ఒక ముసలి టైలర్ కుట్టినవే.

కొత్తగా చేరిన పిల్లలు "ఏంటి సార్, ఈరోజు ఫ్యాన్సీ డ్రెస్సా?" అని అడిగేవాళ్లు. "మీది ఫ్యాన్సీ డ్రెస్సు. నాది డ్రెస్సు" అని నవ్వుతూ పోయేవాడు.

ఇదంతా వాళ్ల నాయనతో మొదలైంది. ఆయన గనిలో భూమి లోపలికి దిగి పనిచేసిన మనిషి. పైనున్న ఆఫీసు గదిలోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. కొడుక్కి ఇంటర్వ్యూ వచ్చిందని తెలియగానే తనే టైలర్ దగ్గరికి తీసుకెళ్లి త్రీ-పీస్ సూట్ కుట్టించాడు.

ఆ సూట్ చూసి మా రిసెప్షన్ అమ్మాయి అన్నను ఎవరో పెద్ద క్లయింట్ అనుకుంది. ఏసీ కాన్ఫరెన్స్ రూంలో కూర్చోబెట్టి కాఫీ, బిస్కెట్లు ఇచ్చింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కింద వెతుకుతున్నారు. ఈయన పైన ఇంకో కాఫీ అడుగుతున్నాడు. "కంపెనీలో బాగా చూసుకుంటారప్పా అనుకున్నాను" అని ఎన్నిసార్లు చెప్పి నవ్వించాడో.

ఉద్యోగం వచ్చింది. సూటు అలవాటైపోయింది.

పెద్దాయన లెక్క చాలా సింపుల్. కంపెనీ ఇచ్చిన బట్టలు వేసుకునేవాడు లేబరు. సొంతంగా కుట్టించుకున్నవాడు ఆఫీసరు. కొడుకు ఆఫీసరయ్యాడని ఊరంతా చెప్పుకునేవాడు.

చిక్కు కొన్నేళ్ల తర్వాత వచ్చింది. అందరూ కంపెనీ టీ-షర్టే వేసుకోవాలని రూల్ పెట్టారు. ఛాతీ మీద పెద్ద లోగో.

పాపం, అన్న ఇంట్లో వెయిస్ట్‌కోటుతో బయల్దేరి, ఆఫీసు బాత్రూంలో టీ-షర్టు మార్చుకుని, సాయంత్రం మళ్లీ వెయిస్ట్‌కోటు వేసుకుని ఇంటికి వెళ్లేవాడు. నాయనకు తెలిస్తే ఎక్కడ బాధపడతాడో అని భయం. మనిషి ముఖంలో కళ పోయింది. ట్రైన్‌లో మాటలు కూడా తగ్గిపోయాయి.

ఒకరోజు కళ్లు చూపించుకోవడానికి బెంగళూరు వచ్చిన పెద్దాయన, చెప్పాపెట్టకుండా నేరుగా మా ఆఫీసుకే వచ్చేశాడు. అన్న టీ-షర్టులోనే ఎదురుపడ్డాడు.

పెద్దాయన ముఖం వాడిపోయింది. కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు. "ఏమప్పా, నిన్ను లేబర్‌లోకి దింపేసినారా? ఏం తప్పు చేసినావు?"

అన్న ఛాతీ మీది లోగోకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేనే కల్పించుకుని, "అట్లేం లేదు పెద్దనాయనా, ఈడ అందరం ఇవే ఏసుకుంటాం" అన్నాను.

ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. "అందురూ లేబరేనా? ఇంగ ఆఫీసరు యాడుండాడు?"

మా మేనేజర్ మేడం పక్కనే ఉంది, అదే టీ-షర్టులో. ఆమెది చిత్తూరు వైపు, అంతా అర్థమైంది. నవ్వు ఆపుకుని, "మా ఆఫీసరు ఈయనే పెద్దాయనా. కోటు ఇస్త్రీకి ఇచ్చినాడు. రేపట్నుంచి మళ్లా ఏసుకోని వస్తాడు" అంది.

అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు వెయిస్ట్‌కోటు తిరిగొచ్చింది. రూల్ ఏమైందని ఎవ్వరూ అడగలేదు. ఆ మేడంకు ఈరోజుకీ నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

పెద్దాయన కాలం చేశాక ఒకసారి ట్రైన్‌లో అడిగాను. "ఇంగెవురి కోసరమన్నా ఇదంతా?"

"నాయన కోసరం మొదులుపెట్టినాను. ఇప్పుడు నాకే బాగుండాదప్పా. అద్దంలో చూసుకుంటే పనికి పోబుద్దయితాది."

అంతే మనిషి. ప్రమోషన్లు పెద్దగా రాలేదు, వాటి వెంట పడనూ లేదు. సోమవారం పొద్దున కూడా సంతోషంగా ఆఫీసుకు వచ్చే మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. ఏడుపొస్తోంది కానీ, ఎందుకో మనసు నిండుగా కూడా ఉంది.

నిన్న స్నానం చేయించాక పెద్దవాళ్లు కొత్త పంచె తెచ్చారు. మన ఆచారం అదే కదా. అంతలో వదిన లోపలికి వెళ్లి వెయిస్ట్‌కోటు పట్టుకొచ్చింది.

"పోయేవానికి కోటు యాడన్నా ఏస్తారా తల్లీ?" అన్నాడు సుందరన్న చిన్నాయన. చుట్టూ గుసగుసలు. గొడవ అవుతుందేమోనని భయపడ్డాను.

వదిన కళ్లు తుడుచుకుంది. "పంచె మీ ఇష్టప్రకారమే కట్టండి చిన్నమామా. పైన మాత్రం ఆయన ఇష్టం."

పంచె కట్టారు. వదినే వెయిస్ట్‌కోటు గుండీలు పెట్టింది, ఒక్కొక్కటే.

చిన్నాయన దగ్గరికి వచ్చి చూశాడు. "మా తాత గూడా పెండ్లిండ్లకు పోతే ఇట్లే, పంచె మీద కోటు. మా సుందరం ఇంగా పాత ఫ్యాషన్‌కు పోయినాడు" అన్నాడు.

వదిన ఏడుస్తూనే నవ్వేసింది. మేమందరమూ.

నిన్న చాలా బాగున్నావు సుందరన్నా. నీకు నచ్చినట్టే వెళ్లావు.

ఇంక ప్రశాంతంగా ఉండు.