ఎడమ చేత్తో ఆడదగ్గ ఆట

2022. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం మీది గదిలో ఉంటూ, ఒక తెలుగు వెబ్‌సైటుకు వీడియో గేముల మీద తీర్పులు రాసేవాణ్ణి. తీర్పు అంటే మూడు వాక్యాలు, కింద అయిదుకు ఇన్ని అని మార్కులు. నేను చదివిన ఎం.ఏ. ఆ మూడు వాక్యాలకూ సరిపోయేది. ఒక్కోసారి కొంచెం మిగిలేది కూడా.

గుర్రపు స్వారీ ఆటకు ఇలా రాశాను: 'గుర్రం బాగా నటించింది. పైన కూర్చున్నవాడి గురించి అంత చెప్పలేం.' వ్యవసాయం ఆటకు: 'వానలు వేళకు పడతాయి, పంటకు ధర పలుకుతుంది. కల్పితమని ముందే చెప్పాల్సింది.' దయ్యాల బంగళా ఆటకు: 'దయ్యం వచ్చేదాకా భయంగానే ఉంది.'

ఇంటి ఓనరు సింహాచలంగారికి నేను ఆటల మీద రాస్తానని మాత్రమే తెలుసు. మెట్ల దగ్గర కనబడితే "ఏటి బాబూ, నిన్న మ్యాచీ ఎవులు నెగ్గినారు?" అని అడిగేవారు. కనుక్కుని చెప్పేవాణ్ణి. కొన్ని వారాల్లో నేను మనిషితో మాట్లాడింది అంతే.

గేముల్లో రెండు జాతులున్నాయి. సింగిల్ ప్లేయర్ అంటే ఒక్కరే ఆడుకునేది, మల్టీప్లేయర్ అంటే తోడు కావలసినది. నేను మొదటి రకంలో నిపుణుణ్ణి. అందులో ప్రతిభ కంటే పరిస్థితుల పాత్ర ఎక్కువ. మన పులి-మేక ఆటను ఎవరో ఫోనులోకి తెచ్చారు. ఇద్దరుంటేనే అది మొదలవుతుంది. నా దగ్గర ఒకడే ఉన్నాడు కాబట్టి దాని తీర్పును ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ ఏడాదే ఒక కార్ల పందెం గేముకు 'ఎడమ చేత్తో ఆడేయొచ్చు' అని రాసి రెండు మార్కులు వేశాను. వారం తర్వాత దాని కింద ఒక పాఠకుడి మాట కనిపించింది: "మీరు రాసింది నమ్మి ఫోన్లో ఎక్కించుకున్నాను. ఎడమ సేత్తో అవడం నేదు."

ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. "దేవుడు కుడి చేయి కూడా ఇచ్చాడు కదండీ" అని జవాబిచ్చాను.

"కుడిసెయ్యి మిసనుకిచ్చీసినాను బాబూ. వారానికి మూడు రోజులు."

క్షమాపణకు మూడు వాక్యాలు దొరకలేదు. ఎక్కడుంటారని అడిగి, ఆ గురువారం టెక్కలి బస్సెక్కాను.

ఆయన పేరు కూర్మారావు. యాభైకి దగ్గర్లో ఉన్నారు. ఉద్దానంలో కొబ్బరితోట. కిడ్నీలు పాడై డయాలసిస్‌కు టెక్కలి ఆసుపత్రికి వస్తున్నారు. యంత్రం ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఎక్కిస్తుంది. ఒక్కోసారికి నాలుగు గంటలు. సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఎడమ చేతిది పాడైపోతే కుడి చేతికి పెట్టారట. సూదులున్నంతసేపూ ఆ చేయి కదపకూడదు.

"నువ్వేనా ఆటలు రాసీ బాబువి? ముసిలోడివనుకున్నాను. అంత ఇసుగ్గా రాత్తావు."

"వయసుతో పనిలేదండీ. చిన్నప్పటినుంచీ ఇంతే."

"మరి ఎడమ సేత్తో ఆడీయొచ్చని ఎందుకు రాసినావు?"

"అదో మాటవరసండీ. అంత తేలికని."

"తేలికని ఎవులు సెప్పినారు? నువ్వాడి సూసినావేటి, ఎడమ సేత్తో?"

అన్నేళ్ల వృత్తిలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. చూడలేదని ఒప్పుకున్నాను. మాట మార్చడానికి, పక్క మంచం ఆయనతో కబుర్లు చెప్పుకోవచ్చు కదా అన్నాను. కూర్మారావు గొంతు తగ్గించారు.

"సెప్పుకున్నాను. ఆ మంచం మీద ముగ్గురు మారిపోనారు. ఇప్పుడున్నాయన పేరు నానడగనేదు. నాలుగ్గంటలు గడియారం సూసి సూసి, ఇక్కడికి రావడమే మానీద్దారనిపిత్తంది బాబూ. ఒక్క ఆట సూసిపెట్టు" అన్నారు.

రావడం మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చూసిపెడతానన్నాను.

మర్నాటినుంచి నా కుడి చేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసుకుని, ఎడమ బొటనవేలితో ఒక్కో గేమూ నాలుగు గంటలు ఆడి చూశాను. అద్దె కోసం పైకొచ్చిన సింహాచలంగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవులు కట్టీసినారు బాబూ?"

"నేనేనండీ. పని మీదున్నాను."

"ఆటల పనా?"

"అవునండీ."

"నీల్లేటైనా తాగుతావా?" అని అడిగి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. తర్వాత ఎప్పుడూ మ్యాచి సంగతి అడగలేదు.

కార్లవి, తుపాకులవి అన్నీ పోయాయి. వాటికి రెండు చేతులూ చాలవు. మిగిలినవి కూర్మారావుకు పంపాను. వ్యవసాయం ఆట మీద ఆయన తీర్పు: "తుపాను నేదు, ఎలక నేదు. ఇదేటి తోట బావా?" అప్పటికి బావనయ్యాను. దయ్యాల బంగళా మీద: "ఈ వార్డు కంటే అక్కడే సందడిగుంది." నాకు మూడు వాక్యాలు పట్టేది ఆయనకు ఒకదాంట్లో అయిపోయేది. కొంచెం అసూయగానే ఉండేది.

కానీ ఏదీ రెండో గంట దాటలేదు. అప్పుడు పులి-మేక గుర్తొచ్చింది. మేకల్ని ఒక్కొక్కటిగా పెడుతూ పులులను కదలకుండా చుట్టుముట్టాలి. పులి దొరికిన మేకను దూకి తినేస్తుంది. తొందర లేదు, బొటనవేలు చాలు. ఇద్దరు కావాలి. ఉన్నాం.

"పులులు నువ్వు తీసుకో బావా. నన్నిక్కడ కట్టీసినారు గదా, నాను నిన్ను కట్టీత్తాను."

మంగళ, గురు, శనివారాలు, పది నుంచి రెండు దాకా. ఆయన టెక్కలిలో మంచం మీద, నేను కాశీబుగ్గలో కుర్చీలో, ఎవరి ఫోనులో వాళ్లం. తువ్వాలు మాత్రం విప్పలేదు, పోటీ సమానంగా ఉండాలి కదా. దాదాపు ప్రతిసారీ ఆయనే గెలిచేవారు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే, "పులికి ఆకల్నేదేటి?" అని రాసేవారు. ఏడాది పైన ఒక్క రోజూ మానలేదు.

"మన ఆట మీద రాసినావా బావా?"

"ఇంకా పూర్తి కాలేదు బావా."

తీర్పు రాసేసిన గేమును నేను మళ్లీ తెరవను. అందుకని రాయలేదు.

ఒక గురువారం ఆట మధ్యలో రెండయింది. ఒక్క పులికే దారి మిగిలింది. శనివారం పదింటికి తెరిచాను. 'ఎదుటివారి వంతు' అని ఉంది. రెండింటికీ అలాగే ఉంది. మంగళవారం ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తారు.

"ఆటల బాబువా? శుక్రవారం ఎల్లిపోనారు బాబూ." ఫోను పెట్టేసే ముందు, "శనివారం పులిని కట్టీత్తానని మా అందరికీ సెప్పినారు" అన్నారు.

ఏ మేక ఎటు కదలాలో నాకు తెలుసు. ఆ వంతు నాది కాదు.

అప్పటినుంచి నా తీర్పులకు నాలుగో వాక్యం ఒకటి చేరింది: ఏ చేత్తో ఆడొచ్చు, మధ్యలో ఆపొచ్చా, ఎంతమంది కావాలి. ఇదెవరికి అవసరమని ఎడిటరుగారు రెండుసార్లు కొట్టేశారు, మూడోసారి వదిలేశారు. కూర్మారావు నాకు నేర్పింది అంతే. మాటవరసకు రాసినదాన్ని ఎవరో ఒకరు నిజంగానే చేసి చూస్తారు, కాబట్టి ముందు మనం చేసి చూడాలి.

మొన్న పులి-మేక మీద కూడా రాసి పంపాను. 'ఎడమ చేత్తో ఆడొచ్చు. ఆడి చూశాను. ఇద్దరు కావాలి.'

మార్కులు వేయలేదేమని ఎడిటరుగారు అడిగారు. ఆట ఇంకా పూర్తి కాలేదన్నాను.