ఒక కార్బొరేటరు, రెండు ఊళ్లు

పాత బండికి సామాను కావాలంటే ఆ రోజుల్లో ఫోను నొక్కితే ఇంటికి వచ్చేది కాదు. విరిగిన ముక్కని గుడ్డలో చుట్టుకుని కొట్టు కొట్టుకీ తిరగాలి. నోటితో పేరు చెబితే కొట్టువాడు తలెత్తేవాడు కాదు, "శాంపిలేదీ?" అనేవాడు. (ఇప్పటి కుర్రాళ్లు సామాను మొహం చూడకుండానే ఆర్డరు పెట్టేసి, పైగా నాకే పాఠాలు చెబుతున్నారు!)

నేను ఏ పాలిటెక్నిక్ గడపా తొక్కలేదు. పాత ఇంగ్లీషు మాన్యువలొకటి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివి, పద్దెనిమిదేళ్లకే నన్ను నేను మెకానిక్‌గా ప్రకటించుకున్నాను. దానికి బలైంది మల్కాపురంలో మా మావయ్య మోటారుసైకిలు. శుభ్రం చేస్తానని కార్బొరేటరు విప్పి, పెట్రోలు నిలిచే కింది గిన్నెని గచ్చు మీద జారవిడిచాను. నిలువునా చీలింది. అలాంటి బండి తయారవడం మానేసి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. పోర్టు డ్యూటీ నుంచి వచ్చిన మావయ్య చూసి, "ఒరే అల్లుడూ, ఆదివారానికి బండి కదల్లేదనుకో, తుక్కుకేసేత్తాను. నువ్వు కూడా ఆ స్పానర్లు దించీసి మీ బాబు బియ్యం కొట్లో కూకో" అన్నాడు. బండి పోతే పోనీ, నా మెకానిక్‌తనం పోతుందని నాకు నిద్ర పట్టలేదు.

కొట్లన్నీ తిరిగాక, చివరికి ఒక పాత ఇనుము కొట్టు తాత నా పగిలిన కార్బొరేటరుని అటూ ఇటూ తిప్పి, "ఇలాటిది ఒకడి సేతిలో సూసాను. శనివారం రా, ఆడినీ రమ్మంతాను" అన్నాడు. శనివారం వెళ్లేసరికి తగరపువలస నుంచి వచ్చిన కొబ్బరికాయల వ్యాపారి, నా ఈడువాడే, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆత్రం కనబడితే ధర పెరుగుతుందని నేను ఆకాశం చూశాను. అతనూ ఆకాశమే చూస్తున్నాడు.

"తెచ్చావేటి బావా?" అన్నాడు చివరికి.

"తెచ్చాను. నువ్వో?"

"నానూ తెచ్చాను."

ఇద్దరం కార్బొరేటర్లు బయటికి తీశాం.

"ఇదేటి బావా, గిన్నె పగిలిపోనాది కదేటి! ఇదా నువ్వమ్మేది?"

"నీదానికి పైన మెడే విరిగిపోయింది, దాని సంగతేమిటి?"

"నాదెందుకు బాగుంతాది? నాను కొనడానికొచ్చినోడిని!"

"నేనూ కొనడానికే వచ్చాను!"

తాత బీడీ ఆర్పి, "నాకేటి తెలుసురా, ఇద్దరి సేతుల్లోనూ సూసాను" అన్నాడు తాపీగా.

కాసేపు తాతని తిట్టాం. తర్వాత నా కార్బొరేటరు పైభాగానికి అతని గిన్నె బిగిస్తే ఒకటి పూర్తిగా కుదిరింది. కుదిరాక అసలు తగవు మొదలైంది: నా సగం నేను అమ్మను, అతని సగం అతనూ అమ్మడు. మావయ్యకి ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి వారం డ్యూటీ బస్సు వస్తుంది, బండితో పని లేదు. ఆ వారం అతనికి, పగటి వారం మాకు అని ఒప్పందం చేసుకున్నాం. (మాన్యువల్లో ఈ పద్ధతి లేదు.)

ఆదివారం బండి కదిలింది. మావయ్య చిరునవ్వు నవ్వాడు. వారం తిరిగాక బండి దగ్గర వంగి చూసి, "కార్బొరేటరేదిరా?" అన్నాడు.

"తగరపువలస వెళ్లింది మావయ్యా, సోమవారం వచ్చేస్తుంది."

"ఎల్లడానికి అదేటి, కొత్త పెళ్లికూతురా?" అని కేకలేశాడు గాని, స్పానర్లు మాత్రం దించమనలేదు.

రెండేళ్లు అలా నడిచింది. ఒక సోమవారం నేను తగరపువలస తీసుకెళ్లి ఇవ్వాలి, మరో సోమవారం అతను తేవాలి. తెచ్చినవాడికి ఉప్మా, టీ, మధ్యాహ్నం దాకా కబుర్లు. తర్వాత ఒకనాడు అతనికి ఎక్కడో నిక్షేపంలాంటి కార్బొరేటరు దొరికింది. "ఇంక ఇది నీదే బావా, ఉంచీసుకో" అని మా ఇంటికొచ్చి ఇచ్చేశాడు. మావయ్య సంబరపడ్డాడు. నాకు మాత్రం నా సోమవారాలెవరో లాక్కున్నట్టయింది. పై సోమవారం రెండు బస్సులు మారి, ఖాళీ చేతులతో తగరపువలసలో దిగాను. అతను నా చేతుల వైపు చూశాడు గాని, ఎందుకొచ్చావని అడగలేదు. లోపలికి తిరిగి, "ఉప్మా ఇంకో ప్లేటు ఎయ్యండే" అన్నాడు.